మూసీనీటిలో కంటికి కనబడని విషము
(ప్రసంగపాఠము)



హుస్సేన్‌సాగర్ అలుగునుండి వెలువడు నాలా అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతముల మీదుగా పోయి మూసీనదిలో కలియును. వంతెనపై నడచువారు ముక్కు మూసికొని సాగిపోవుదురు. కాని ఆ నీరు అచ్చట ఆగదు. దిగువనున్న మీ పొలములకు వచ్చును.

ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున నిర్మింపబడిన ఈ చెరువు ఒకప్పుడు జనులకు త్రాగునీ రొసగినది. తరువాతి కాలమున కూకట్‌పల్లి నాలా ద్వారా పారిశ్రామిక వాడల వ్యర్థజలము దీనిలో చేరినది. లోహపుపూత, రంగులు, బ్యాటరీలు మున్నగు పరిశ్రమల వ్యర్థములలో సీసము, కాడ్మియము, క్రోమియము వంటి భారలోహములుండును.

మామూలు మురుగునకును వీనికిని భేదమేమి? మురుగు కుళ్ళి మన్నగును. లోహము కుళ్ళదు, ఒండ్రులో నిలిచి, వేళ్ళద్వారా పైరున కెక్కును. నీటిని కాచినచో క్రిములు చచ్చును, సీసము పోదు. ఆకుకూరను కడిగినచో మట్టి పోవును, లోనికి పీల్చుకొన్న కాడ్మియము పోదు. సీసము పసిబిడ్డల మెదడును, కాడ్మియము మూత్రపిండములను, ఎముకలను చెరచును. జపానులో జింజూ నదీతీరమున గనులనుండి వచ్చిన కాడ్మియము వరిపొలములలో చేరి, ఆ బియ్యము తిన్నవారికి దారుణమైన ఎముకల వ్యాధి కలిగించినది. 1968లో ఆ దేశ ప్రభుత్వము ఈ సంగతి నంగీకరించినది.

"మూసీనీరు విడిచి మేమెట్లు బ్రతుకుదుము?" అని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం ప్రాంతముల రైతులెందరో ఆ నీటితోనే వరిని, పశుగ్రాసమును పండించిరి. పొలము విడువుడని చెప్పుట పరిష్కారము కాదు. చేయదగిన పనులు కొన్ని గలవు.

మీ మట్టిని, బావినీటిని పరీక్ష చేయించుడు. మామూలు భూసార పరీక్షలో సీసము, కాడ్మియము తేలవు. లోహపరీక్షను ప్రత్యేకముగా కోరుడు. త్రాగునీటిలో లీటరునకు సీసము 0.01 మిల్లీగ్రామును, కాడ్మియము 0.003 మిల్లీగ్రామును మించరాదని భారతీయ ప్రమాణము. నాలా పూడికమట్టిని ఎరువుగా తోలకుడు. కలుషితమైన నీటితో ఆకుకూరలు పండింపకుడు. పాత బ్యాటరీలను కాలువలలో వేయకుడు.

అయితే రైతు జాగ్రత్త ఒక్కటియే చాలదు. మురుగునీటి శుద్ధికేంద్రములు ముఖ్యముగా కుళ్ళు పదార్థములను తొలగించుటకై ఏర్పడినవి. లోహమును కర్మాగారపు గడప దాటకముందే ఆపవలయును. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము ప్రకారము విషజలమును ఏటిలో విడుచుట నిషిద్ధము. అట్టిది కంటబడినచో, స్థలమును, తేదీని వ్రాసి, పంచాయతీ తీర్మానముతో కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు పంపుడు. ఒక్కని మాటకంటె ఊరి మాటకు బలమెక్కువ.

ఎగువ విడిచినది దిగువవాని కంచములోనికి వచ్చును. దిగువ పండినది మరల ఎగువ నగరమునకే పోవును. కనుక ఈ నీటిని కాపాడుట ఇరువురకును స్వకార్యమే.