పల్లకి వచ్చిన వేళ

తుమ్మలపల్లెలోను, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఊళ్లలోను రేడియో దగ్గర కూర్చున్న మీ అందరికీ ఈ పూట మన సీమ మనిషి తీసిన ఒక సినిమా గురించి చెబుతాను. పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లెలో 1908లో పుట్టిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి గారు, అదే మన బి.ఎన్. రెడ్డి గారు, 1951లో తీసిన 'మల్లీశ్వరి' అది.

కథ మీలో చాలామందికి తెలుసు. ఈసారి కథను కాస్త పక్కనపెట్టి, పల్లకిని గమనించండి.

బండి మీద ఊరికి వస్తున్న బావామరదళ్లు నాగరాజు, మల్లి వాన అందుకోవడంతో పాత మండపంలోకి చేరతారు. మల్లి ఆడుతుంది, పాడుతుంది. మారువేషంలో అక్కడే తలదాచుకున్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన చూసి మురిసిపోతారు. ఎదుట ఉన్నది ఎవరో తెలియని నాగరాజు, మా మల్లికి పల్లకి పంపించమని రాయలవారితో చెప్పండని వేళాకోళమాడతాడు. మనమూ నవ్వుతాం. కొన్నాళ్లకు నిజంగానే పల్లకి ఇంటి ముందు దిగుతుంది. రాణివాసానికి వెళ్లినవాళ్లు తిరిగి రావడం ఉండదు. నవ్వించిన మాటే ఇద్దరినీ విడదీసింది. ఈ మలుపు కోసం దర్శకుడు దుర్మార్గుణ్ణి తేలేదు; ఒక వాన, ఒక మాట చాలాయి.

ఇక విడిపోయిన ఇద్దరూ చెరోచోట నుంచి మబ్బుతో మొరపెట్టుకునే పాట. మాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి, బాణీ సాలూరి రాజేశ్వరరావుగారిది, గొంతులు ఘంటసాల, భానుమతిగార్లవి. వాన కలిపి కూర్చోబెట్టిన జంటకు చివరికి మబ్బే దిక్కయింది. స్వీడన్‌లో విక్టర్ షోస్ట్రోమ్ 1917లోనే 'తేర్యే వీగెన్' అనే మూగచిత్రంలో సముద్రాన్ని ఒక పాత్రలా నిలబెట్టాడు. బి.ఎన్. గారు ఆ పని మబ్బుకు అప్పగించారు. వానకు మొహంవాచిన మన సీమవాళ్లకు ఆ మబ్బు విలువ వేరే చెప్పాలా?

'మల్లీశ్వరి' 1953లో చైనా ప్రేక్షకుల దాకా వెళ్లింది. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం బి.ఎన్. గారికి దక్కింది, దక్షిణాది నుంచి ఆ గౌరవం అందుకున్న తొలి వ్యక్తి ఆయనే.

ఈసారి ఈ సినిమా చూసేటప్పుడు ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మండపంలో నాగరాజు మాటకు వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. పల్లకి వచ్చినప్పుడు మాత్రం తెరవైపు కాదు, ఒక్కసారి వాళ్ల ముఖాల వైపు చూడండి.