ముగ్గుపిండితో గీసిన ఊరు

(పలాసలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాతావరణ మార్పు విషయంలో చిత్రకళ ఏం చెయ్యగలదో మాట్లాడమన్నారు. నేను చిత్రకారిణిని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. బొమ్మ అందంగా ఉందా అని కాక, ఎవరు గీశారు, ఎవరిని వదిలేశారు అని అడగడం నాకు అలవాటు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల గాలి. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ వారం పత్రికల్లో ఫోటోలు మీకు గుర్తుండే ఉంటాయి: కూలిన చెట్లు, తలపట్టుకున్న రైతు, పరామర్శకొచ్చిన నాయకులు. అవి అబద్ధాలు కావు. కానీ పిక్కలు కొట్టి, పప్పు ఒలిచి, జీడి రసానికి వేళ్లు నల్లబడిన ఆడవాళ్లు వాటిలో ఎక్కడ? నష్టం లెక్క చెట్టుకి. చెట్టు పట్టాదారుది. పట్టా చాలావరకు మగవాడి పేరున. "చెట్టు పడితే రాసినారు, మా కూలి పోతే ఏటి రాసినారమ్మా?" అని ఒకామె అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం వాళ్ల వీధిలోనే ముగ్గుపిండితో ఊరి పటం గీయమన్నాం. ఇది నా సొంత ఆలోచనేమీ కాదు, 1990ల నుంచి స్వచ్ఛంద సంస్థలు చేయిస్తున్న పనే. మగవాళ్లు రోడ్డుతో, గుడితో మొదలుపెట్టారు. ఆడవాళ్లు బోరుతో మొదలుపెట్టారు. తర్వాత ఎండు పుల్లలు ఏరుకునే తోట, మధ్యాహ్నం కూర్చునే నీడ. నీడ పోయిన చోట్ల బొగ్గు పెట్టారు. ఒక ముసలమ్మ లేచి, కిడ్నీ జబ్బున్న ఇళ్ల మీద గులకరాళ్లు పెట్టుకుంటూ పోయింది. మేమెవరం అడగలేదు. ఆ జబ్బుకి కారణం నీరా, ఎండలో ఒళ్లు ఎండిపోవడమా అన్నది నేటికీ తేలలేదు. కానీ నీడా, నీళ్లూ, జబ్బూ ఆమెకి ఒకే పటంలో ఉన్నాయి. మన శాఖల్లో మూడూ మూడు ఫైళ్లు.

బొమ్మకి అంత బలముందా అంటారేమో. సోంపేట బీలని గుర్తు చేసుకోండి. బొగ్గు విద్యుత్తు కోసం దాన్ని కాగితాల్లో పనికిరాని నేలగా చూపించారు. చేపలు పట్టేవాళ్లకి, పశువులు మేపేవాళ్లకి అది నీటినేల. 2010 జులై 14న అక్కడ కాల్పులు జరిగి మనుషులు పోయారు. అదే రోజు అప్పీలు సంస్థ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న, టెక్కలికి దగ్గర్లోని కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. రెండు చోట్లా ఆడవాళ్లు ముందు నిలబడ్డారు. నేలని 'బీడు' అని గీసే చెయ్యి ఎవరిదన్నది చిన్న ప్రశ్న కాదు.

బెంగాల్లో మేదినీపూర్ పటచిత్రకారిణులు 2004 సునామీని పటంగా గీసి, విప్పుకుంటూ పాడి చూపిస్తారు. మన ఏజెన్సీలో సవరలు జబ్బులు రాకుండా, పంట బాగుండాలని గోడ మీద బొమ్మలు వేస్తారు. ఇక్కడి ఒక బడి గోడ మీద మాత్రం మంచుగడ్డపై తెల్ల ఎలుగుబంటి ఉంది! పిల్లలు దాన్ని ఎన్నడూ చూడలేదు, పడిపోయిన కొబ్బరిచెట్టుని చూశారు.

మేం చేసిన తప్పు ఒకటుంది. పటాన్ని కాగితం మీదకి ఎక్కించుకోలేదు. తెల్లారేసరికి ఎవరి వాకిలి వాళ్లు ఊడ్చేసుకున్నారు. ఈసారి వెళ్లేటప్పుడు చార్టు కాగితం తీసుకెళ్లండి. చీకటి పడకముందే ఎక్కించండి, గీసినవాళ్ల పేర్లన్నీ కింద రాయించండి, గ్రామసభలో నష్టం జాబితాతోపాటు అదీ ఇచ్చి రసీదు అడగండి.