మాట ఊరు దాటాలి, మనిషి బజారున పడకూడదు

(పత్రిక కార్యకర్తలు, పాఠకుల సమావేశంలో చేసిన ఉపన్యాసం)



ఒకప్పుడు ఊళ్ళో ఏ కబురు తెలియాలన్నా డప్పు మోగాల్సిందే. శిస్తు కట్టమన్నా, చెరువు నీళ్ళు వదులుతున్నామన్నా చాటింపు వేసింది మన తాతలే. డప్పు మనది, గొంతు మనది, వీధి వీధీ తిరిగిన కాళ్ళు మనవి. మాట మాత్రం మనది కాదు. కరణం చెప్పింది, మునసబు చెప్పింది చాటారు. మన కూలి గురించి, మన ఆకలి గురించి ఆ డప్పు మీద ఒక్క మాట చాటనిచ్చారా?

ఇప్పుడు ప్రతి ఇంట్లో ఒక డప్పు ఉంది. అదే సెల్‌ఫోన్. ఈసారి మాట కూడా మనదే. దీన్ని ఎట్లా మోగించాలి అనేదే ఈరోజు మనం మాట్లాడుకోవాల్సిన సంగతి.

దాపరికం లేకుండా చెప్పుకుందాం. మన పక్షపత్రికకు చదివేవాళ్ళు పెరగటం లేదు. కొన్ని ఊళ్ళకు పంపిన కట్టలు విప్పకుండానే ఉంటున్నాయి. మన వాట్సాప్ గ్రూపులో మాత్రం రాత్రి పదకొండు దాకా చర్చ నడుస్తోంది. కూలి రేటు మీద, శ్మశానం దారి మీద, హాస్టల్ తిండి మీద మనవాళ్ళు మాట్లాడే తీరు చూస్తే, మేము కూర్చుని రాసే వ్యాసాల కంటే అదే బాగుంటోంది. కానీ ఆ మాటలు గ్రూపులో పుట్టి గ్రూపులోనే చస్తున్నాయి. వాటిని ఫేస్‌బుక్కులో, పక్క ఊళ్ళ గ్రూపుల్లో పెడితే కొత్తవాళ్ళు చదువుతారు, అట్లా పత్రిక దగ్గరికొస్తారు అని కుర్రాళ్ళు అంటున్నారు. మేము ఒప్పుకుంటున్నాం. పెట్టాల్సిందే.

ఎందుకంటే చదివేవాళ్ళను వెతుక్కోవటం మనకు కొత్త కాదు. 1920 జనవరి 31న బాబాసాహెబ్ అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పెట్టారు. అదీ మనలాంటి పక్షపత్రికే. దాని ప్రకటన వేయమని తిలక్ స్థాపించిన 'కేసరి' వాళ్ళను అడిగితే, డబ్బులిస్తామన్నా వేయలేదు. ఆయన ఆగిపోయారా? 1927లో మహాడ్ చెరువు పోరాటం జరిగిన కొద్ది రోజులకే 'బహిష్కృత భారత్' మొదలుపెట్టారు. తెలుగు నేల మీద కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్ళను నరికినప్పుడు, చీరాల శిబిరం నుంచి ఆ కబురు కరపత్రం మీద, పాట మీద, కాలినడకన పల్లెపల్లెకూ పోయింది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు ఆయన ఆఖరి ఉత్తరం ఫోన్ల మీదుగా దేశమంతా తిరిగింది. బతికున్నప్పుడు ఆయన ఫేస్‌బుక్కులో రాసినవి తర్వాత పుస్తకంగా వచ్చాయి. కాబట్టి ఫోన్‌లో రాసింది రాత కాదని ఎవరూ అనొద్దు.

అయితే మేము ఒక తప్పు చేశాం. అది దాచుకుంటే ఈ ఉపన్యాసానికి అర్థం లేదు.

పొలంలో మంచినీళ్ళు దోసిట్లోకి ఎత్తి పోస్తున్నారని, కూలి బాకీ అడిగితే బూతులు తిట్టారని ఒక అక్క గ్రూపులో చెప్పుకుంది. మాలో ఒక కుర్రాడు ఆవేశపడి దాన్ని ఉన్నదున్నట్టు, ఆమె పేరూ నంబరూ కనపడేటట్టు, ఫేస్‌బుక్కులో పెట్టాడు. లైకులు బాగా వచ్చాయి. మేమూ సంబరపడ్డాం. తెల్లారేసరికి అది ఆ పొలం ఆసామి ఫోన్‌లో ఉంది. ఆమెనే కాదు, ఆమె ముఠా మొత్తాన్ని నాట్లకు పిలవటం మానేశారు. మేము వెళ్ళి, ఇట్లా పనికి రానీయకుండా వెలివేయటం కూడా ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమే, 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న సవరణలో ఆ మాట ఉంది, కేసు పెడదాం అన్నాం. ఆమె ఏమందో తెలుసా? "కేసు సంగతి తర్వాత మేష్టారూ. నేను మీకు చెప్పుకున్నా. ఊరికి చెప్పమన్నానా?"

మా దగ్గర జవాబు లేదు. మన డప్పు మనమే మోగించాం గానీ, ఆ దెబ్బ ఎవరి వీపు మీద పడుతుందో చూసుకోలేదు. మనకు చదివేవాళ్ళు దొరికారు, ఆమెకు కూలి పోయింది. ఇట్లాంటి పాఠకులు మనకెందుకు?

అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మీరూ పెట్టుకోండి.

మొదటిది, చెప్పినవాళ్ళను అడగకుండా ఏదీ బయట పెట్టొద్దు. "బయటికి పంపుతున్నాం, సరేనా" అని నోటితో అడగాలి. వద్దంటే వద్దు. గ్రూపులో చెప్పింది ఇంట్లో చెప్పుకున్నట్టే.

రెండోది, స్క్రీన్‌షాట్ పెట్టొద్దు. వాయిస్ యథాతథంగా పంపొద్దు, గొంతును బట్టి మనిషిని పట్టేస్తారు. సంగతిని మన మాటల్లో పది వాక్యాలు రాయాలి. పేరు, నంబరు, ఫొటో తీసేస్తే చాలదు. "ఫలానా ఊళ్ళో ఇద్దరు పిల్లల తల్లి" అన్నా చాలు, ఊళ్ళోవాళ్ళు ఎవరో చెప్పేస్తారు. అత్యాచారానికి గురైన ఆడపిల్ల పేరు గానీ ఆనవాలు గానీ అసలు రాయొద్దు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం అది నేరం. న్యాయం అడగబోయి మనమే ముద్దాయిలం అవుతాం.

మూడోది, చర్చ అంటే చర్చ లాగానే రాయాలి. అడిగిన ప్రశ్న ఏమిటి, ఎవరెవరు ఏ వైపు మాట్లాడారు, చివరికి ఏం తేలింది. ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూమి సంగతి తీసుకోండి. "మా నాయనకిచ్చిన పట్టా భూమి కొంటామని వస్తున్నారు, సంతకం పెట్టొచ్చా?" ఇది ప్రశ్న. 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదని ఒకరన్నారు. 20 ఏళ్ళు దాటినవాటికి హక్కు ఇస్తూ 2023లో చట్టం మార్చారు గదా అని ఇంకొకరన్నారు. హక్కు వస్తే ఉంచుకోవటానికా, అమ్ముకోవటానికా అని ఒక అవ్వ అడిగింది. కాగితాలు ఎవరికైనా చూపించకుండా వేలిముద్ర వేయొద్దని తేల్చుకున్నాం. ఇంతే. ఈ నాలుగు ముక్కలు చదివినవాడు తన ఇంట్లో పట్టా ఎక్కడుందో వెతుక్కుంటాడు. ఆ మర్నాడు మన దగ్గరికొస్తాడు.

నాలుగోది, కొట్లాటలు అమ్ముకోవద్దు. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మాల మాదిగల మధ్య చాలా గ్రూపుల్లో మాటలు కాలాయి. మన గ్రూపులోనూ కాలాయి. ఆ తిట్లు బయట పెడితే వేలమంది చూస్తారు. ఎవరు చూస్తారు? మనం కొట్టుకుంటుంటే అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళు చూస్తారు. రెండు పక్షాల వాదనలూ మర్యాదగా రాసి పెట్టండి, తిట్లు గ్రూపులోనే పూడ్చండి.

అయిదోది, పెట్టి వదిలేయొద్దు. కింద ప్రశ్న అడిగినవాళ్ళకు ఆ రోజే జవాబు చెప్పే మనిషి ఒకరుండాలి. పత్రిక ఎవరి దగ్గర దొరుకుతుంది, మీటింగు ఎప్పుడు అనేది చివర రాయాలి. చదువు రాని అవ్వల కోసం ఆ పది వాక్యాలనే చదువుకునే పిల్లల చేత చదివించి పంపండి.

మెసేజ్ దానంతటదే తిరుగుతుందని నమ్మొద్దు. వాట్సాప్‌లో 2018 నుంచి మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చోట్లకే పంపనిస్తున్నారు. బాగా తిరిగినదైతే 2020 నుంచి ఒక్క చోటికే. మంచిదే. ఆ ఐదుగురు ఎవరో మనం ఆలోచించి పంపుదాం. "అన్నా, ఇది నీ భూమి సంగతే, చదువు" అని ఒక్క ముక్క కలిపి పంపితే, ఆ మనిషి చదువుతాడు.

చివరగా ఒక్క మాట. ఎంతమంది లైకు కొట్టారు అనేది లెక్క కాదు. ఎంతమంది చందా కట్టారు, ఎంతమంది మీటింగుకొచ్చి నేల మీద కూర్చున్నారు, గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పని ఎంతమంది ఆడవాళ్ళు ధైర్యంగా మాట్లాడారు, అదీ లెక్క. ఆ అక్క నాట్లు అయిపోయేదాకా గ్రూపులో ఒక్క ముక్క మాట్లాడలేదు. మేము ఆమె ఇంటికి పోయి తప్పు ఒప్పుకున్నాం. ముఠాకు పక్క ఊళ్ళో పని చూపించాం. మొన్న మళ్ళీ గ్రూపులో మాట్లాడింది. మాట్లాడి, చివర్లో "ఇది బయటికి పంపండి, పేరు లేకుండా" అంది.

ఆ ఒక్క మాట కోసం ఎన్ని లైకులైనా వదులుకోవచ్చు.

జై భీమ్.