మరమగ్గాల ఊళ్లో కాస్త నెమ్మది

సూరత్‌లో లింబాయత్ వైపు వెళితే మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ నుంచి వలసొచ్చిన పద్మశాలి కుటుంబాలవి. ఆ చప్పుడు చాలామందికి అలవాటైపోతుంది. ఆటిజం ఉన్న కొందరికి మాత్రం ఎన్నేళ్లయినా కాదు, సాయంత్రానికి మనిషి సోలిపోతాడు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లది ఇంకో తంటా: పని తెలుసు, మొదలుపెట్టడమే కుదరదు. మనమేమో ఒకరిని ముభావి అనీ, ఇంకొకరిని బద్ధకస్తుడనీ తేల్చేస్తాం.

ఆటిజం, ఏడీహెచ్‌డీ చాలామందిలో చిన్నతనంతో పోయేవి కావు. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ఆ సంగతి ఒప్పుకున్నదే 2013లో!

మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు లేదు. నా దృష్టిలో అది లోటే. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఆటిజం ఉన్న పెద్దలకూ వర్తిస్తుంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు.

ఇక మన చేతిలో ఉన్నవి. పని గబగబా నోటితో చెప్పే బదులు కాగితం మీద రాసివ్వండి. కళ్లలోకి చూసి మాట్లాడమని పట్టుబట్టకండి. పక్కన ఒకరు కూర్చుని తమ పని తాము చేసుకుంటుంటే ఏడీహెచ్‌డీ ఉన్నవారి పనీ కదులుతుంది. వింతగానే ఉంటుంది కానీ చాలామంది చెప్పే మాటే. బతుకమ్మ రాత్రి చప్పుడు పడనివారికి మైకులకు దూరంగా నాలుగు కుర్చీలు వేయించండి. ఇలాంటివారికి తమలాంటివారు నలుగురు కలిసే చోటు దొరికితే ఇంకా మంచిది, అక్కడ నటించక్కర్లేదు.

మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.