లెక్క అడిగిన పత్రిక



ఈ గ్రంథాలయమున అపరాధ పరిశోధక నవలలు బీరువాలో నిలుచుట అరుదు. వానియందు దోషిని పట్టియిచ్చునవి పాదముద్రలు, నెత్తుటి చుక్కలు. కేవలము లెక్కచేత పట్టువడిన దోషి కథ యొకటి కలదు. అది కల్పితము కాదు.

1920లో అమెరికాయందలి బోస్టన్ నగరమున ఛార్లెస్ పాంజీ యను ఇటలీ దేశస్థుడు ఒక సంస్థను నడపెను. తనకడ సొమ్ముంచినవారికి 45 దినములలో నూటికి 50 లాభము, 90 దినములలో రెట్టింపు ఇత్తునని పత్రములు వ్రాసి యిచ్చెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఇటలీ నాణెము విలువ పడిపోయినది. అచ్చట చౌకగా తపాలా కూపనులు కొని, అమెరికాలో హెచ్చు విలువగల బిళ్లలుగా మార్చుదునని అతడు చెప్పెడివాడు. వినుటకు సబబుగానే యుండెను. కూలీలు, చిల్లర వర్తకులు, పోలీసు ఉద్యోగులు సైతము కూడబెట్టుకొన్నదెల్ల తెచ్చి పోసిరి. గడువునకు సొమ్ము చేతికి వచ్చుచుండెను. అందుచే అనుమానించినవాడే అవివేకి యయ్యెను. నిజమునకు, నేడు వచ్చినవాని సొమ్మే నిన్న వచ్చినవానికి లాభముగా ముట్టుచుండెను.

'బోస్టన్ పోస్ట్' పత్రికయు మొదట నిర్దోషి కాదు. జూలై 24న అది ప్రచురించిన ప్రశంసాపూర్వక వార్త వలన జనము మరింత విరుచుకొనిపడిరి. అయినను సంపాదకత్వము వహించిన రిచర్డ్ గ్రోజియర్ సందేహమును విడువక, క్లారెన్స్ బారన్ అను ఆర్థిక విషయజ్ఞుని సంప్రదించెను. బారన్ లెక్క మిగుల సులభము: పాంజీ తీసికొన్న సొమ్మునకు 16 కోట్ల కూపనులు కావలెను; లోకమున చెలామణిలో నున్నవి సుమారు 27,000 మాత్రమే! పైగా పాంజీ తన సొంత సొమ్మును సామాన్యపు వడ్డీకి బ్యాంకులలో ఉంచుకొనెను.

ఇది చదివియు జనులు వెంటనే మేలుకొనలేదు. అడిగినవారికి పాంజీ సొమ్ము చెల్లించుచుండగా గుంపులు జేజేలు పలికెను. ఆగస్టు 2న అతని ప్రచారకుడైన విలియం మెక్‌మాస్టర్సే అతడు దివాలా తీసినాడని ఆ పత్రికలో వ్రాసెను. విలేఖరి కెనడాలోని మాంట్రియల్‌కు పోయి, లోగడ చెక్కు ఫోర్జరీకై పాంజీ చెరసాలలో నుండెనని తెలిసికొనగా, ఆగస్టు 11న అది వెలువడెను. మరునాడు పాంజీ నిర్బంధింపబడెను. పిమ్మట నేరమొప్పుకొని శిక్ష పొందెను. 1921లో ఆ పత్రికకు పులిట్జర్ బహుమానము లభించెను. కాని సొమ్ముంచినవారికి సగమైనను తిరిగి రాలేదు. కొన్ని బ్యాంకులును మూతపడెను.

ధనాపహరణమునకు 40 ఉపాయములు కలవని కౌటిల్యుడు అర్థశాస్త్రమున లెక్కించెను. నాటికిని నేటికిని మోసగానికి పెట్టుబడి మన మొగమాటమే. తెలిసినవాడు, మనవాడు, పెద్దమనిషి. అతనిని లెక్క అడిగిన నొచ్చుకొనునేమో యని ఊరకుందుము. లెక్క అడుగుట అవమానించుట కాదు. సరియైన పద్దు గలవాడు అడిగినవానిని ఆదరించి చూపును. కసరుకొనువాడు తన పద్దు సంగతి తానే చెప్పుచున్నాడు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బల్లమీద దినపత్రిక పరచియున్నది. దానిని చదువునపుడు చేత ఒక పెన్సిలు ముక్కయు ఉండుగాక! బారన్ చేసిన గుణకారము ఈ ఊరి బడిపిల్లలును చేయగలరు.