యంత్రమునకు స్వరభేదము తెలియునా?

మా బారువలోని తల్లి యొకతె హైదరాబాదునందున్న కొడుకుతో టెలిఫోనులో మాటాడుచు, “బాగానే ఉన్నాంరా. నువ్వు తిన్నావా లేదేటి?” అని యడిగెను. మాటలలో లోపమేమియు లేదు. అయినను కొడుకు ఆ రాత్రియే రైలెక్కి మరునాడు పలాసలో దిగెను. అమ్మ గొంతు బాగులేదని తోడివారితో చెప్పెనట. కొబ్బరితోటల నడుమ పెరిగి, పనులకై దూరదేశములకు పోయిన మావారికి ఇంటి సమాచారము పలుమారు లిట్లే తెలియుచుండును.

ఈ నేర్పును కంప్యూటరునకు అలవరుపవచ్చునా? ఈ విషయమున తెలుగువారికి, అందును రేడియో శ్రోతలకు, దగ్గరి సంబంధము గలదు. ఖరగపూరు ఐ.ఐ.టి. పరిశోధకులు 2009లో ప్రకటించిన తెలుగు వాక్సంపుటికి గొంతు నిచ్చినవారు విజయవాడ ఆకాశవాణి కళాకారులే. పురుషు లైదుగురు, స్త్రీ లైదుగురు. వారి కిచ్చినవి 15 వాక్యములు. తల్లిదండ్రులను గౌరవించుట మొదలగు సామాన్యవిషయములే అందుండెను. ఏ భావమునకును మాటలే మొగ్గు చూపరాదని నియమము. ఒక్కొక్క వాక్యమును ఎనిమిది విధముల, పది విడతలుగా పలికిరి. మొత్తము 12,000 పలుకులు. తల్లిదండ్రులను గౌరవింపుమని కోపముతోను, భయముతోను, వెటకారముతోను చెప్పవలసివచ్చిన ఆ కళాకారుల అవస్థ తలచినచో నాకు నవ్వు వచ్చుచున్నది.

ఆ ఎనిమిదియు భరతముని చెప్పిన ఎనిమిది రసములు మాత్రము కావు. కోపము, కరుణ, జుగుప్స, భయము, సంతోషము, ఆశ్చర్యము, వ్యంగ్యము, ఏ భావమును లేని సామాన్యోక్తి. శృంగార వీరములకు చోటు దక్కలేదు, వ్యంగ్యమునకు దక్కినది. తెలుగువారి సంభాషణ నెరిగిన వారెవ్వరును దీని నాక్షేపింపరు.

యంత్రము పలుకును సెకనులో ఏబదియవ వంతు ప్రాయమైన తునకలుగా ఖండించి, శ్రుతి యెంత, బలమెంత, అక్షరముల నిడివి యెంత అని కొలుచును. కోపమున శ్రుతియు బలమును హెచ్చును. సంతోషమునను హెచ్చును! అందుచేత ఈ రెంటిని యంత్రము తరచు తారుమారు చేయును. వ్రాతలోనైనచో ఆ కొలతలును లేవు. హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి. పరిశోధకులు 2017లో 5,457 తెలుగు వాక్యములను తెలుగువారిచేతనే చదివించి, ఇది అనుకూలము, ఇది ప్రతికూలము, ఇది తటస్థము అని గుర్తులు వేయించిరి. “ఎంత మంచివాడివయ్యా” అను వాక్యమున కే గుర్తు వేయవలెను?

నా సందేహము వేరొకటి. కళాకారుడు భావమును వినిపించుటకు పలుకును. మావారు దాచుటకు పలుకుదురు. భరతుడు స్వరభేదమును సాత్త్వికభావములలో చేర్చెను. అది కోరి తెచ్చుకొనునది కాదు, దాచినను బయటపడునది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చినది. ఇట్టి విపత్తులో సహాయకేంద్రమున యంత్రమే ఫోనెత్తి, గొంతును బట్టి ఎవరి ఆపద ముందో తీర్చుననుకొందము. రైతొకడు ఏడ్వడు, అరవడు. “అన్నీ పోనాయి బాబూ” అని మెల్లగా చెప్పును. సామాన్యోక్తి యని యంత్రము గుర్తు వేసినచో ఆతని వంతు చివరకు పోవును.

కావున మా తీరపు పలుకును గూడ సేకరింపవలెను. అభినయమును గాక, జీవితమున పలికిన పలుకును, పలికినవారి అనుమతితో. “ఏటి” అను మా ఒక్క పదమే ప్రశ్న కావచ్చును, గద్దింపు కావచ్చును, ఓదార్పు కావచ్చును. దానికి గుర్తు వేయుటకు ఇచ్చటివారే తగుదురు. ఇక యంత్రమే కరుణ నభినయించు విషయము. శ్రుతి తగ్గించి, పలుకు సాగదీసి, మెత్తని గొంతుతో సమాధానము చెప్పుట దానికి కష్టము కాదు. చెప్పనిండు. కాని మాటాడునది యంత్రమని ఆ రైతునకు మొదటనే తెలుపవలెను. దుఃఖము నెవరితో పంచుకొనుచున్నాడో తెలిసికొను హక్కు ఆతనికి గలదు.

రైలెక్కిన కొడుకు మాట చెప్పవలసియున్నది. తండ్రి కొబ్బరిచెట్టు మీదినుండి పడి కాలు విరుగగొట్టుకొనెను. కొడుకునకు చెప్పవద్దని భార్య నాజ్ఞాపించినవాడును ఆయనయే. కొడుకు గుమ్మమున అడుగిడగానే, ఎవరు చెప్పినారని ఆమెపై కేక లేసెనట.