ఎస్తోనియా నౌకాబలము: మైత్రియా, పరాధీనతయా?



బాల్టికు సముద్రపు తూర్పుటంచున ఎస్తోనియా యను దేశము గలదు. జనసంఖ్య పదునాలుగు లక్షలకు లోపే. ఇట్టి దేశమునకు నౌకాబల మెందుకు, బలవంతులతో సంధు లెందుకు, ఇది స్వాతంత్ర్యమును తాకట్టు పెట్టుట గాదా యని ఈ పఠనమందిరమున పలువురు మమ్ము ప్రశ్నించియున్నారు. ప్రశ్న సబబైనదే. పరుల యండను నమ్మి చెడినవారి కథలు మన దేశచరిత్రయందును కొదువ లేవు.

ఆ నౌకాబలము పుట్టుటయే పరసాహాయ్యముతో పుట్టినది. 1918 డిసెంబరులో బ్రిటిషు నౌకలు బోల్షెవిక్కుల డిస్ట్రాయరులు రెంటిని పట్టుకొని ఆ క్రొత్త ప్రభుత్వమునకు అప్పగించినవి. 1933లో వానిని పెరూ దేశమునకు విక్రయించిరి. పిమ్మట ప్రజలు చందాలు వేసికొనగా ఇంగ్లండులో కట్టించిన జలాంతర్గాములు రెండు, 'కాలెవ్', 'లెంబిత్' అనునవి, 1937లో స్వదేశము చేరినవి. ఓడలున్నవి, మిత్రులు లేరు. తటస్థతయే రక్ష యనుకొనిరి. 1939 సెప్టెంబరులో టాలిన్ రేవున నిర్బంధింపబడిన పోలిషు జలాంతర్గామి యొకటి కాపలావారిని లోబరచుకొని పారిపోయినది. సోవియటు ప్రభుత్వమునకు ఆ సాకు చాలినది. సెప్టెంబరు 28న సైనికస్థావరములకు ఒడంబడిక. 1940 జూనులో ఆక్రమణము. ప్రజలు చందాలిచ్చి కట్టించుకొన్న జలాంతర్గాములు వారికొరకు యుద్ధము చేయకయే యజమానిని మార్చినవి.

1991లో స్వాతంత్ర్యము మరల లభించిన పిదప వారు వేరొక త్రోవ పట్టిరి. 1993లో నౌకాబలమును పునరుద్ధరించిరి గాని మహానౌకల జోలికి పోలేదు. రెండు ప్రపంచయుద్ధములందును అచటి జలములలో వేలకొలది మైనులు పరచిరి. నీట దాగియుండి, ఓడ తాకినను దాపునకు వచ్చినను ప్రేలునవి. నేటికిని అవి దొరకుచునే యున్నవి. వానిని వెదకి నిర్మూలించు విద్యయే ప్రధానముగా వారు అభ్యసించిరి. ఇనుము చేరువైనంతనే ప్రేలు మైనులుండుటచే ఈ పనికి ఇనుప ఓడ పనికిరాదు. గాజునారతో చేసిన ఓడలు మూటిని బ్రిటనునుండి కొని 2007–2009 నడుమ తెచ్చుకొనిరి. శబ్దతరంగములతో సముద్రపుటడుగు తడవి, అనుమానమైన చోటికి యంత్రమునో, నీట మునుగువానినో దింపి చూడవలెను. ఓర్పుతో గూడిన పని. వీరగాథలకు చాలునది కాదు. మొదటి ఓడకు 1919లో తమకు తోడుపడిన బ్రిటిషు నౌకాధిపతి కోవన్ పేరు పెట్టిరి.

2004లో నేటో కూటమిలో చేరిన ఎస్తోనియా, ఆ కూటమి మైను నిర్మూలనదళమునకు ఓడలను పంపుచున్నది. ఎస్తోనియా అధికారియే ఆ దళమునకు నాయకుడైన సందర్భములును గలవు. వెనుకటి కోర్టాఫ్ వార్డ్సు క్రింది జమీందారునకును వ్యాపారమున భాగస్థునకును గల భేద మిదియే యని న్యాయవాదులమైన మాకు తోచుచున్నది. వాటా స్వల్పమైనను భాగస్థుడు లెక్కలడుగగలడు. పెద్ద భాగస్థుని మనసు మారిన నాడేమి గతి యందురా? ఆ భయము లేకపోలేదు. అయినను 1939 నాటి ఒంటరితనముకంటె ఇది మేలని మా యభిప్రాయము.

ఇటీవలి సంగతి చూడుడు. 2024 డిసెంబరు 25న ఫిన్లాండునుండి ఎస్తోనియాకు సముద్రగర్భమున విద్యుత్తు తెచ్చు తీగె దెబ్బతిన్నది. లంగరు నీడ్చుకొనిపోయినదను అనుమానముపై 'ఈగిల్ ఎస్' అను చమురు ఓడను ఫిన్లాండు పట్టుకొన్నది. మిగిలిన రెండవ తీగెకు కాపలాగా ఎస్తోనియా తన 'రాజు' నౌకను పంపినది. అది వారి భాషలో పేరు, మన రాజు కాదు. 2025 జనవరిలో నేటో ఉమ్మడి గస్తీ ప్రారంభించినది. అభియోగమన్ననో, 2025 అక్టోబరులో హెల్సింకి న్యాయస్థానము తనకు విచారణాధికారమే లేదని త్రోసిపుచ్చినది.